గిటారు పెట్టెలో మంద్రస్వరము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను, హాజరు లెక్కలను, తెలుగు వాచకములు వచ్చుటలో కలిగిన ఆలస్యమును విన్నవించుట మా ఆచారము. అవి యన్నియు నివేదికలో అచ్చయియున్నవి. ఇంటికి పోయి తీరికగా చూచుకొనవచ్చును. ఈ దినము మేము చెప్పదలచినది వేరు. బేస్ గిటారును మామూలు ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరునకు తగిలించి వాయింపవచ్చునా, వాయింపరాదా అనునదే మా విషయము. ప్రధానోపాధ్యాయునకు ఇదేమి విషయమని మీలో కొందరు నవ్వుకొనుచున్నారు, నవ్వవచ్చును. అయితే ఈ విషయమున మా వలన ఒక తప్పు జరిగినది. అది జరిగిన చోటనే చెప్పుట న్యాయమని తోచినది.

గత వార్షికోత్సవము మీకు జ్ఞాపకముండును. తొమ్మిదవ తరగతి పిల్లలు కొందరు రెండు గిటారులు, ఒక బేస్ గిటారు, డ్రమ్ములు కూర్చుకొని, చిన్న తరగతుల బృందగానమునకు వాద్య సహకార మొసగిరి. ఆ వాద్యములలో పాఠశాల సొత్తు ఒక్కటియు లేదు. బేస్ గిటారు ఒక పూర్వవిద్యార్థి ఇచ్చిపోయినది. దానికి ఆంప్లిఫయరు లేదు. ఒక బాలుని మేనమామగారు పెండ్లిండ్లలో గిటారు వాయించువారు. వారు తమ ఆంప్లిఫయరును ఒక్క రాత్రికి ఎరువిచ్చిరి. అది 30 వాట్లది. 12 అంగుళముల స్పీకరు ఒక్కటే. పెట్టె వెనుకవైపు సగము తెరచియుండును.

మేము ముందు వరుసలో కూర్చుండియుంటిమి. గిటారులును డ్రమ్ములును చక్కగా వినవచ్చుచుండెను. బేసు వాయించు బాలుని వ్రేళ్లు కదలుట మాత్రము కనబడుచుండెను గాని స్వరము వినబడదాయెను. మేము ఒక చీటీపై 'శబ్దము పెంచుము' అని వ్రాసి పంపితిమి. బాలుడు పెంచెను. చాలలేదు, మరల పంపితిమి. మరల పెంచెను. చివరి చరణము నడుమ పెట్టెలోనుండి, గాలిపటపు తోక గాలికి కొట్టుకొనునట్లు, బరబర మను ధ్వని వచ్చెను. పిమ్మట ఏమియు రాలేదు. పాట ఆగలేదు. ఆ బాలుడును ఆగలేదు. శబ్దము లేని వాద్యమును పాట ముగియువరకు వాయించుచునే నిలిచియుండెను.

మరునాటి ఉదయము ఆ బాలుని తండ్రిగారు మా గదికి వచ్చిరి. వారు బజారులో ఒక బట్టల కొట్టున గుమాస్తా. "మా వాడు చేసిన నష్టమండి, ఇది ఉంచండి మాష్టారూ" అని ఒక కవరు బల్లమీద పెట్టిరి. వెనుక నిలిచిన బాలునకు, పరుల వస్తువును జాగ్రత్తగా వాడుకొనవలెనని మేము నాలుగు మాటలు చెప్పితిమి. కవరును సొరుగులో పెట్టితిమి. మా చీటీల సంగతి ఆ బాలుడు తండ్రికి చెప్పలేదు. మేమును చెప్పలేదు.

చెడినదేమో చూడుమని ఆ పెట్టెను మా సామాన్యశాస్త్రోపాధ్యాయునకు అప్పగించితిమి. ఆయన ఆ స్పీకరును విప్పి, దాని తీగలను తీసి, ప్రయోగశాలలోని వేరొక స్పీకరును తగిలించి మీటిచూచిరి. ఆంప్లిఫయరు పలికెను. అనగా చెడినది ఆంప్లిఫయరు కాదు, స్పీకరు ఒక్కటే. ఈ భేదము మాకు అదివరకు తెలియదు. ఆంప్లిఫయరు బలము నిచ్చునది. స్పీకరు ఆ బలమునకు కదలి గాలిని కదపునది. ఒకే పెట్టెలో ఉండుటచేత మనము రెంటిని ఒకటే అనుకొందుము.

ఆయన మాకు బోధించిన దానిని మేము మా మాటలలో చెప్పెదము. గిటారు క్రింది తంతి సెకండునకు సుమారు 82 మారులు కంపించును. బేస్ గిటారు క్రింది తంతి 41 మారులు మాత్రమే, అనగా సరిగా ఒక స్థాయి క్రింద. అయిదు తంతుల బేసు అయినచో అది 31 వరకు దిగును. కావుననే బేసు తంతులు లావుగా నుండును, మెడ పొడవు. గిటారునందు మీటబడు తంతి పొడవు సుమారు 25 అంగుళములు. బేసునందు సాధారణముగా 34. మన మృదంగ విద్వాంసులు కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వముద్ద అంటించుట మీరు చూచియుందురు. బరువు పెరిగినకొలది కంపనము మందగించి స్వరము దిగును. ఆ రవ్వముద్ద చేయు పనియే ఇచట లావు తంతి చేయును.

తంతి సంగతి ఇట్లుండగా, స్పీకరు సంగతి కష్టమైనది. ఒక స్వరమును ఏ బిగ్గరతనముతో పలికించితిమో, ఒక స్థాయి క్రింది స్వరమును అదే బలముతో వెలువరింపవలెనన్నచో స్పీకరునందలి కాగితపు కోను నాలుగింతలు ముందునకు వెనుకకు కదలవలెను. రెండింతలు కాదు, నాలుగింతలు. గిటారు స్పీకరు అట్టి నడకకు పుట్టలేదు. దాని కోను తేలిక, అంచు బిగువు. కోను వెనుకనున్న తీగచుట్ట అయస్కాంతపు సందులో ఒక మిల్లీమీటరునకు లోపుగా మాత్రమే క్రమము తప్పక అటునిటు ఆడగలదు. బేసుకొరకు చేసిన స్పీకరులు నాలుగైదు మిల్లీమీటరులు కదలుట సామాన్యము. సెలెస్టియన్ వారి గ్రీన్‌బ్యాక్ అను ప్రసిద్ధమైన గిటారు స్పీకరు పలుకు హద్దు సుమారు 75 కంపనములనుండి 5000 వరకే. గిటారునకు అది చాలును. బేసు క్రింది తంతి ఆ హద్దునకు ఎంతో దిగువ.

ఇక తెరచిన వెనుకభాగము. కోను ముందునకు వచ్చినప్పుడు ముందరి గాలి నొక్కబడును, వెనుకటి గాలి పలుచబడును. పైస్వరములయందు ఈ రెండును అంతగా కలిసికొనవు. మంద్రస్వరముల తరంగములు మిక్కిలి పొడవైనవి. అవి పెట్టెను చుట్టివచ్చి ముందరి తరంగమును కొట్టివేయును. మీదుమిక్కిలి మన చెవియే మంద్రమునకు మొద్దు. ఫ్లెచర్, మన్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1933లో కొలిచి చూపిన సంగతి యిది: తక్కువ కంపనముల స్వరము మన చెవికి సమానముగా వినబడవలెనన్నచో ఎంతో ఎక్కువ బలము కావలెను. అందుచేతనే డ్రమ్ముల ప్రక్కన గిటారునకు 30 వాట్లు చాలినచోట బేసునకు 200, 300 వాట్లు వాడుదురు.

ఇన్ని అడ్డంకులుండగా, వినబడలేదని మేము చీటీ పంపితిమి. బాలుడు మర త్రిప్పిన ప్రతిసారి కోను ఇంకను దూరముగా కొట్టుకొనెనేగాని, ఆ బలము శబ్దమై మాకు చేరలేదు. అదిగాక ఆంప్లిఫయరు తన శక్తికి మించి త్రిప్పబడినప్పుడు స్వరము గుండ్రదనము పోయి తల నరికినట్లగును. ఆ నరికిన స్వరము తీగచుట్టను వేడెక్కించును. మా ఉపాధ్యాయుడు చూపినప్పుడు కోను అంచు వంకీలవద్ద చీలియుండెను; తీగచుట్ట మాడి, సందులో ఒరసికొని, ఒకచోట తెగియుండెను. ఆ బరబర ధ్వని ఆయన మాటలలో స్పీకరు పెట్టిన మొర. అది విన్న తక్షణము మర తగ్గించినచో స్పీకరు బ్రతికియుండెడిదట. ముందు వరుసలో మేమును వింటిమి. మా చేతిలో కలమే యుండెను.

మరి వాయింపరాదా యనిన, వాయింపవచ్చును. ఇదియే మేము ముఖ్యముగా చెప్పవలసినది. ఏలయనగా ఆ సంఘటన తరువాత కొందరు తల్లిదండ్రులు బేసును గిటారు పెట్టెకు తగిలించినంతనే పెట్టె పాడగునని భయపడి ఇంటిలో సాధనయే మాన్పించిరి. అంత భయము అక్కరలేదు. బేసు తగిలించుటచేత ఆంప్లిఫయరునకు హాని లేదు. స్పీకరునకును, మెల్లగా వాయించినంతకాలము హాని లేదు. ఒక గదిలో, డ్రమ్ములు లేకుండ, మాటలాడుకొను గొంతుకంటె కొంచెము బిగ్గరగా వాయించుకొనుటకు గిటారు పెట్టె బాగుగా పనికివచ్చును. 'బేస్' అని వ్రాసియున్న మరను తగ్గించి యుంచవలెను. వినబడుటలేదని దానినే పెంచుట పిల్లల అలవాటు. స్పీకరును చంపుటకు అంతకంటె దగ్గరి దారి లేదు. దానికి బదులు నడిమి స్వరముల మరను పెంచినచో బేసు స్పష్టపడును. పెట్టెను కుర్చీపై ఎక్కింపక నేలపై, గోడమూలకు చేర్చి పెట్టినచో మంద్రము ఖర్చు లేకుండ పెరుగును. బ్యాటరీ గల బేస్ గిటారులు హెచ్చు బలముతో పలుకును గనుక, పెట్టెకు రెండు రంధ్రములున్నచో తక్కువ గ్రాహ్యశక్తి గలదానినే వాడవలెను.

ఇచట ఒక వింత. ఆ పెట్టె 41 కంపనములను దాదాపు పలుకలేదు గదా, మరి గదిలో బేసు బేసుగానే యెట్లు వినబడుచున్నదని మేము అడిగితిమి. ఒక తంతి మీటినప్పుడు 41 మాత్రమే గాక 82, 123, 164 అని దాని గుణిజములును పలుకును. పైవి వినబడినచో, క్రిందిది లేకున్నను మన మనస్సు దానిని పూరించుకొనునట. చేతిలో పట్టు చిన్న ఫోనులో ఇళయరాజాగారి పాటలు వినునప్పుడు ఆ బేసు నడక మీకు తెలియుచునే యుండును. అంత చిన్న స్పీకరు ఆ అడుగుస్వరమును పలుకజాలదు. సగము పాట మన చెవి పాడుచున్నదన్నమాట. ఈ మాట విన్న దినమున మేము మరొక పాఠము చెప్పలేకపోతిమి.

ఈ వాద్యముల చరిత్రయందును ఒక తలక్రిందుల సంగతి కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ అను ఊరిలో రేడియోలు బాగుచేయు లియో ఫెండర్ అనునాయన 1951లో 'ప్రెసిషన్ బేస్' అను బేస్ గిటారును తయారుచేసెను. అంతకుముందు మంద్రమునకు సాధారణముగా మనిషియెత్తు నిలువు వాద్యమును వాడుచుండిరి. దానికి మెట్లు లేవు. ఫెండర్ వీణకు వలె మెట్లు పెట్టుటచేత స్వరస్థానము తప్పదు గనుక ఆ పేరు. ఆ వాద్యమునకు తగిన ఆంప్లిఫయరు కూడ కావలెనని 1952లో 'బేస్‌మన్' అను పెట్టెను చేసెను. మొదట 15 అంగుళముల స్పీకరు ఒకటి, తరువాత 10 అంగుళములవి నాలుగు. చిత్రమేమన, బేసుకొరకు చేసిన ఆ పెట్టె గిటారువారికి మిక్కిలి నచ్చెను. లండనులో డ్రమ్ములు నేర్పుచు వాద్యముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్ అను నాయన, తన మనుష్యులతో కలిసి ఆ బేస్‌మన్ చిత్రపటమునే ఆధారము చేసికొని 1960ల ఆరంభమున తన మొదటి ఆంప్లిఫయరును కట్టెను. ప్రపంచమున గిటారు గర్జనకు పేరుమోసిన మార్షల్ పెట్టెల మూలపురుషుడు ఒక బేసు పెట్టె. నేర్పువాడు గిటారువారి అవసరము విని పని మొదలుపెట్టెనని చదివినప్పుడు, మా వృత్తివాడు గనుక, మాకు కొంచెము గర్వము కలిగినమాట నిజము.

గిటారును బేసు పెట్టెలో పెట్టినచో ఎవరికిని నష్టము లేదు. స్వరము కొంచెము మొద్దుబారును, అంతే. కష్టమంతయు రెండవ దిక్కుననే. మా పిల్లలు ఈ వాదమున మోటర్‌హెడ్ బృందపు లెమ్మీ పేరు చెప్పుదురు. ఆయన మార్షల్ పెట్టెలలోనే బేసును హోరెత్తించెను గదా యని. నిజమే. అయితే ఆయన వాడిన ఆంప్లిఫయరు పేరే 'సూపర్ బేస్'; వెనుక గోడవలె పేర్చిన స్పీకరులు అనేకములు. బరువును పదిమంది మోయుట వేరు, ఒకడు మోయుట వేరు.

విడిగా నున్న గిటారు ఆంప్లిఫయరును బేసు స్పీకరు పెట్టెకు కలుపుట మంచి ఉపాయమే, రెంటి ఓములు సరిపడినచో. వాల్వుల ఆంప్లిఫయరును స్పీకరు లేకుండ ఎన్నడును పలికింపరాదు. అది నిజముగా ఆంప్లిఫయరునకే చేటు. మన ఊరి మైకుసెట్టుల గొట్టపు స్పీకరులు ఉపన్యాసమునకే గాని మంద్రమునకు పనికిరావు.

ఇక కవరు సంగతి. మేనమామగారు స్పీకరునకు క్రొత్త కోను, తీగచుట్ట వేయించిన చాలుననిరి. ఆ ఖర్చు మేమే ఇచ్చితిమి. పిమ్మట ఒక ఆదివారము ఆ గుమాస్తాగారి ఇంటికి పోయి కవరును తిరిగి ఇచ్చి, చీటీలు రెండును మేము వ్రాసినవే యని చెప్పితిమి. వారు పుచ్చుకొనక, కుమారునివైపు తిరిగి "ఈ మాట నాకు చెప్పలేదేమిరా?" అని అడిగిరి. "మాష్టారు రాశారని ఎలా చెప్పను నాన్నా?" అని వాడు. వాని తల్లి లోపలనుండి కాఫీ తెచ్చినదాకా ఎవ్వరమును మాటలాడలేదు. కవరు మా ఎదుటనే దేవుని పటము క్రింద పెట్టబడినది. తీసికొనిరో లేదో తెలియదుగాని, మా సొరుగులో మాత్రము లేదు.

ఈ మాటలన్నియు ఇప్పుడు చెప్పుటకు కారణము, కార్యవర్గము ఎదుట రెండు ప్రతిపాదనలుండుటయే. బేసు ఆంప్లిఫయరు కొనవలెనని ఒకటి. వాద్యములే వలదని రెండవది. రెండవదానికి మేము ఒప్పుకొనము. ఇంటిలో తెలుగు, వీధిలో వేరు భాష, పరీక్షలో ఇంగ్లీషు అను మన పిల్లలకు, తెలుగుపాట పాడుచు పదిమంది కలిసి నిలుచు గంట ఇది ఒక్కటే. మొదటిదానికిని తొందర లేదు. ఈ ఏడు పైకప్పు మరమ్మతు ముందు. సాధనకు ఆ గిటారు పెట్టెయే చాలును. మేనమామగారు మరల ఇచ్చిరి, అది వారి పెద్దమనసు. మరకు ఒకచోట ఎఱ్ఱగీత గీసితిమి, అది దాటరాదు. సభనాడు మాత్రము బేసును డి.ఐ. పెట్టె యను చిన్న సాధనము ద్వారమున అద్దెకు తెచ్చిన పెద్ద స్పీకరులకు కలిపెదము. దాని అద్దె ఒక రాత్రికి మనము భరింపగలిగినంతయే.

మరికొంతసేపటిలో ఆ పిల్లలే వాయింతురు. ఇప్పుడు వారు పదవ తరగతి. శబ్దము ఎంత యుండవలెనో మా శాస్త్రోపాధ్యాయుడు మధ్యాహ్నమే సరిచూచి పెట్టిరి. చాలదని తోచినవారు ముందునకు వచ్చి కూర్చుండవలెను. ఈ వరుసలో మా కుర్చీతో కూడ మూడు ఖాళీలున్నవి. మేము ఈసారి వెనుక, తలుపువద్ద నిలిచెదము. కలము ఇంటివద్దనే పెట్టి వచ్చితిమి.